దూరప్రయాణాల బండి టైరు: గాలి, ఆకారం, ఆయుష్షు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్లే జాతీయ రహదారి 44 చాలా దూరం తిన్నగా పోతుంది. నల్లమలలోకి దిగి శ్రీశైలం ఘాట్ ఎక్కితే ఒక మలుపు అవ్వకముందే ఇంకో మలుపు. ఈ రెండు రకాల రోడ్ల మీదా ఒకే బైకు, ఒకే జత టైర్లతో నడవాలి. దానికోసం తయారైనవే స్పోర్ట్ టూరింగ్ టైర్లు. మిషెలిన్ రోడ్ వరుస, పిరెల్లీ ఏంజెల్ జీటీ, మెట్జెలర్ రోడ్‌టెక్, బ్రిడ్జ్‌స్టోన్ బ్యాట్లాక్స్ టీ వరుస, డన్‌లప్ రోడ్‌స్మార్ట్, ఇవన్నీ ఆ కోవలోవే.

కొనేముందు అందరూ అడిగే ప్రశ్న "ఏ కంపెనీది బాగుంటుంది?" అని. ఈ కోవలో పేరున్న టైర్లు ఏవి తీసుకున్నా తేడాలు అంత పెద్దవేమీ కావు. కొన్న తర్వాత ఏడాది, రెండేళ్లపాటు మీరు గాలి ఎలా చూసుకున్నారు, బరువు ఎంత వేశారు, ఎప్పుడు మార్చారు అన్నదాని మీదే ఫలితం ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు టైరు లోపలి సంగతి. రేసు టైరు రబ్బరు బాగా వేడెక్కితే గానీ పట్టు ఇవ్వదు. స్పోర్ట్ టూరింగ్ టైరు రబ్బరులో సిలికా అనే పొడిని ఎక్కువ పాళ్లలో కలుపుతారు. అందుకే చలిలోనూ, తడి రోడ్డు మీదా అది మొదటి కిలోమీటరు నుంచే పనిచేస్తుంది. డిసెంబరు తెల్లవారుజామున లంబసింగిలో బయలుదేరేవాళ్లకి ఇది చాలా ముఖ్యమైన విషయం. ఇక వెనక టైరులో చాలా కంపెనీలు రెండు రకాల రబ్బరు వాడతాయి. నడిమి పట్టీ గట్టిది, రెండు అంచులూ మెత్తనివి. తిన్నని రోడ్డు మీద గట్టి రబ్బరు నెమ్మదిగా అరుగుతుంది, బండి వాలినప్పుడు మెత్తని అంచు రోడ్డును పట్టుకుంటుంది.

ఇంత చేసినా, హైవే మీద ఎక్కువగా తిరిగే బండికి నడిమి భాగమే ముందు అరుగుతుంది. గుండ్రంగా ఉండాల్సిన టైరు మధ్యలో చదునవుతుంది. గీతలు ఇంకా లోతుగానే కనబడుతుంటాయి కాబట్టి యజమాని ఇంకో మూడు వేల కిలోమీటర్లు నడుస్తుందిలే అనుకుంటాడు. కానీ టైరు నిజంగా పాడయ్యేది ఇక్కడే. చదునైన టైరుతో మలుపులోకి వాలిస్తే బండి ముందు మొరాయిస్తుంది, ఆ చదును అంచు దాటగానే ఒక్కసారిగా పడుతున్నట్టు వాలుతుంది. లేన్ మారేటప్పుడు, రోడ్డు మీద తారు అతుకులు దాటేటప్పుడు హ్యాండిల్ అటూ ఇటూ లాగుతుంది. చాలామంది దీన్ని సస్పెన్షన్ లోపం అనుకుని డబ్బు ఖర్చు పెడతారు.

పరీక్షించడం తేలిక. బండిని స్టాండు వేసి, ఒక స్టీలు స్కేలును వెనక టైరుకి అడ్డంగా, నడిమి మీద ఆనించి చూడండి. కొత్త టైరు మీద స్కేలు సన్నని గీత అంత చోటే తాకుతుంది, కాస్త వేలితో తోస్తే అటూ ఇటూ ఊగుతుంది. చదునైన టైరు మీద రెండు మూడు వేళ్ల వెడల్పున కదలకుండా కూర్చుంటుంది. అలా కూర్చుందంటే, గీతల లోతు ఎంత ఉన్నా ఘాట్ రోడ్డుకి ఆ టైరు పనికిరాదు.

గీతల లోతు కొలవడానికి డెప్త్ గేజ్ అనే చిన్న పరికరం దొరుకుతుంది, ఖరీదు తక్కువే. వెనక టైరు కొత్తలో లోతు మోడల్‌ని బట్టి ఆరు, ఏడు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, ముందుది అంతకన్నా తక్కువ. చాలా మోడళ్లలో సరిగ్గా మధ్యన గీత ఉండదు. అందువల్ల మధ్యకి దగ్గరగా ఉన్న గీతలోనే కొలవాలి, ప్రతిసారీ అదే చోట కొలవాలి. ప్రతి వెయ్యి కిలోమీటర్లకీ రాసిపెట్టుకుంటే లెక్క దానంతట అదే తేలుతుంది. ఉదాహరణకి కొత్తలో ఆరున్నర మిల్లీమీటర్లు ఉన్నది నాలుగు వేల కిలోమీటర్లకి నాలుగున్నర అయిందంటే, వెయ్యికి అర మిల్లీమీటరు అరుగుతోందన్నమాట. తొమ్మిది వేలకి రెండు మిల్లీమీటర్లకి వస్తుంది. టైరు పక్కగోడ మీద టీ డబ్ల్యూ ఐ అనే అక్షరాలు గానీ చిన్న త్రికోణం గానీ ఉంటుంది. దానికి తిన్నగా గీత లోపల ఒక చిన్న గట్టు కనబడుతుంది. రబ్బరు అరిగి ఆ గట్టుతో సమం అయితే టైరు పని అయిపోయినట్టే. అయితే వానాకాలానికి ఆ గట్టుదాకా ఆగొద్దు. రెండు మిల్లీమీటర్ల దగ్గర గీతలు నీటిని సరిగా బయటికి తోయలేవు. 2018లో వచ్చిన మిషెలిన్ రోడ్ 5 లాంటి కొన్ని టైర్లలో కోతలు లోపలికి పోయేకొద్దీ వెడల్పయ్యేలా మలిచారు, అరిగాక కూడా నీటికి దారి ఉండాలని. అలాంటివైనా చదునైపోతే చదునైపోయినవే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. గాలి.

మన దగ్గర బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: ఎండాకాలంలో టైరు పేలిపోతుంది కాబట్టి గాలి తగ్గించి పెట్టాలి అని. ఇది పూర్తిగా తలకిందుల మాట. గాలి తక్కువైతే టైరు పక్కగోడలు తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతాయి, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది. పైన ఎండ, కింద కాలిన రోడ్డు, లోపల ఈ వేడి, మూడూ కలిసి పొరలను విడదీస్తాయి. మే నెలలో రామగుండం, కొత్తగూడెం వైపు 45 డిగ్రీల దరిదాపుల ఎండలో నడిపే బండికి గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి, అస్సలు తగ్గకూడదు.

కంపెనీ చెప్పిన లెక్క ఎక్కడుంటుంది? చైన్ గార్డు మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ మీదో అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది, బండితో ఇచ్చిన పుస్తకంలోనూ ఉంటుంది. టైరు పక్కగోడ మీద అచ్చయిన అంకె ఆ టైరు మోయగల గరిష్ఠ బరువుకి సంబంధించినది, దాన్ని చూసి గాలి కొట్టించకండి. ముందు 120/70 జెడ్ఆర్ 17, వెనక 180/55 జెడ్ఆర్ 17 సైజులు (మొదటి అంకె మిల్లీమీటర్లలో టైరు వెడల్పు) ఉన్న పెద్ద బండ్లలో చాలావాటికి ముందు 36, వెనక 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చెబుతారు. చిన్న బండ్లకి ఇంకా తక్కువ. ఒక్కరే ఉన్నప్పుడు ఎంత, వెనక మనిషీ సామానూ ఉంటే ఎంత అని స్టిక్కర్ మీద వేరువేరుగా ఇస్తే రెండూ పాటించాలి.

ఈ అంకెలన్నీ చల్లగా ఉన్న టైరుకి. అంటే బండి కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉండాలి. పెట్రోలు బంకులో మధ్యాహ్నం కొలిస్తే ఏమవుతుందో చూడండి. ఉదయం 25 డిగ్రీల వద్ద 42 పీఎస్ఐ ఉన్న వెనక టైరు, పరుగులో లోపలి గాలి 60 డిగ్రీలకి చేరితే 48, 49 చూపిస్తుంది. అది మామూలే, టైరు తయారుచేసినవాళ్లు ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే చల్లటి అంకె ఇచ్చారు. కానీ బంకులో కుర్రాడు "ఎక్కువైంది సార్" అని 42కి దించితే, మర్నాడు ఉదయం ఆ టైరులో 36 మాత్రమే మిగులుతుంది. ఆరు పీఎస్ఐ పోయింది. ఆ 36తో, వెనక మనిషితో, సైడు పెట్టెలతో నాలుగు వందల కిలోమీటర్లు వెళితే టైరు ఆయుష్షు ఎంత తరిగిందో పైకి కనబడదు.

కాబట్టి సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి. దాని అంకె నిక్కచ్చిగా సరైనదా కాదా అన్నదానికన్నా, ఎప్పుడూ అదే గేజ్‌తో కొలవడం ముఖ్యం. వారానికోసారి, దూరప్రయాణానికి ముందు తప్పనిసరిగా చూడాలి. వారంలో రెండు పీఎస్ఐ కన్నా ఎక్కువ పడిపోతుంటే ఎక్కడో పోతున్నట్టు. సబ్బు నీళ్లు వాల్వ్ నోట్లో, రిమ్ అంచు చుట్టూ, గీతల్లో పోసి బుడగలు చూడండి. నైట్రోజన్ సంగతి చాలామంది అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి రెండూ దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి. అది పొడిగా ఉంటుందన్న లాభం తప్ప, నెలల తరబడి కొలవకుండా వదిలేయడానికి అదేమీ అనుమతి పత్రం కాదు.

ముందు టైరు అరిగే తీరు వేరు. బ్రేకుల భారమంతా దాని మీదే పడుతుంది కాబట్టి అది ఎక్కువగా భుజాల దగ్గర అరుగుతుంది. గీత ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా తయారై రంపపు పళ్లలాగా అవుతుంది. అరచేతిని టైరు మీద ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి నిమరండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గరుకుగా తగిలితే ఆ జబ్బు మొదలైనట్టే. థ్రాటిల్ వదిలి 60, 70 కిలోమీటర్ల వేగానికి దిగేటప్పుడు హ్యాండిల్ వణకడం, టైరు నుంచి హమ్మని శబ్దం రావడం దీని గుర్తులు. గాలి తక్కువగా ఉండడం, ఫోర్క్ ఆయిల్ పాతబడడం, కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) వదులవడం దీన్ని త్వరగా తెస్తాయి. కారణాన్ని సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అది కూడా అలాగే అరుగుతుంది.

ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది అంటే, పెద్ద బండి వెనక టైరుకి ఎనిమిది వేల నుంచి పదిహేను వేల దాకా చెప్పవచ్చు. ఇంత తేడా ఎందుకంటే బరువు, వేగం, రోడ్డు, ఎండ, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. 140 మీద గంటల తరబడి నడిపేవాళ్లకీ, 95 దగ్గర నడిపేవాళ్లకీ ఒకే టైరు ఒకేలా రాదు. గరుకు కాంక్రీటు రోడ్డు నున్నటి తారు రోడ్డు కన్నా ఎక్కువ తింటుంది.

బరువు మాట వచ్చింది కాబట్టి, సైజు పక్కన ఉండే అంకెను కూడా చదవండి. 180/55 జెడ్ఆర్ 17 తర్వాత 73 డబ్ల్యూ అని ఉంటుంది. 73 అంటే ఆ టైరు 365 కిలోలు మోయగలదని, డబ్ల్యూ అంటే గంటకి 270 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ముందు టైరు మీద ఉండే 58 అంటే 236 కిలోలు. ఎక్కువ సామానుతో తిరిగే బరువైన టూరింగ్ బండ్లకి కొన్ని మోడళ్లలో జీటీ గుర్తుతో గట్టి నిర్మాణం ఉన్న రకం విడిగా వస్తుంది. మీది అలాంటి బరువైన బండి అయి, ఆ మోడల్లో జీటీ రకం దొరుకుతుంటే మామూలుది కాకుండా అదే తీసుకోండి.

వెడల్పు టైరు మోజు గురించి కూడా ఒక మాట. 4 అంగుళాల రిమ్ మీద 150/60 ఇచ్చిన బండికి, చూడడానికి బాగుంటుందని 160/60 ఎక్కించేవాళ్లున్నారు. 160/60కి కావలసింది నాలుగున్నర అంగుళాల రిమ్. ఇరుకు రిమ్ దాన్ని రెండు పక్కలా నొక్కేసరికి మధ్య భాగం కోసుగా లేస్తుంది. రోడ్డుకి ఆనే చోటు పెరగకపోగా తగ్గుతుంది, మధ్యన ఇంకా త్వరగా అరుగుతుంది. ముందు రేడియల్, వెనక బయాస్ లాంటి కలగలుపు (లోపలి పొరల అల్లిక వేరువేరుగా ఉన్న టైర్లు) కూడా వద్దు. ముందూ వెనకా ఒకే మోడల్ జత వేయడం మంచిది.

పంక్చర్ అయితే రోడ్డు మీద రంధ్రంలోకి రబ్బరు పురి ఎక్కించి ఇంటికి చేరుకోవచ్చు. రోడ్డుకి ఆనే భాగంలో, ఆరు మిల్లీమీటర్ల లోపు రంధ్రానికే ఇది పనికొస్తుంది. భుజం దగ్గర, పక్కగోడలో పడితే ఆ టైరు మార్చాల్సిందే. ఇంటికి వచ్చాక టైరు విప్పించి లోపల చూడాలి. గాలి లేకుండా కొంతదూరం నడిచిన టైరు లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటుంది. అది కనబడితే ఎంత కొత్తదైనా తీసేయాలి, పక్కగోడ దెబ్బతిన్నట్టే. పొడి లేకపోతే లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించండి. పై నుంచి ఎక్కించిన పురిని నమ్ముకుని హైవే వేగాలకి పోవద్దు.

తక్కువ తిరిగే బండికి అరుగుదల కన్నా వయసు ముఖ్యం. పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 1223 అంటే 2023వ సంవత్సరం 12వ వారంలో తయారైందని. కొనేటప్పుడే షాపులో ఇది చూడండి. అయిదేళ్లు దాటిన టైరును ఏటా ఒకసారి విప్పించి చూపించాలి, పగుళ్లుంటే మార్చాలి. మెరుపు కోసం టైరు పాలిష్ రాసే అలవాటు మాత్రం బైకులకి వద్దే వద్దు. కారు టైరు వాలదు, బైకు టైరు వాలుతుంది. పక్కన రాసినది అంచు రబ్బరు మీదికి పాకితే మలుపులో జారుతుంది.

కొత్త టైరు వేయించేటప్పుడు పక్కగోడ మీది బాణం గుర్తు చక్రం తిరిగే దిశలో ఉందో లేదో మీరే చూడండి. పసుపు చుక్క ఉంటే అది వాల్వ్ దగ్గరికి రావాలి. రబ్బరు వాల్వ్‌ను టైరుతో పాటే మార్పించండి, దానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. గాలి ఎక్కించాక రిమ్ అంచు దగ్గర టైరు చుట్టూ ఉండే సన్నని గీత అన్నిచోట్లా రిమ్‌కి ఒకే దూరంలో ఉండాలి, ఎక్కడైనా లోపలికి పోతే టైరు సరిగా కూర్చోలేదు. తర్వాత బ్యాలెన్సింగ్. చక్రం బిగించాక చైన్ బిగువు, ఇరుసు నట్టు బిగింపు (టార్క్) పుస్తకంలో చెప్పినట్టు ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇంజిన్ స్టార్ట్ చేసేముందు బ్రేక్ లీవర్, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కండి. చక్రం విప్పినప్పుడు ప్యాడ్లు వెనక్కి పోయి ఉంటాయి, నొక్కకుండా బయలుదేరితే మొదటి బ్రేకు అందదు. మొదటి వంద, నూట యాభై కిలోమీటర్లు వాలికను కొద్దికొద్దిగా పెంచుతూ నెమ్మదిగా నడపాలి, కొత్త రబ్బరు పైపొర నున్నగా ఉంటుంది. మర్నాడు ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి మళ్లీ కొలిచి, అదే రోజు గీతల లోతు మొదటి అంకె రాసిపెట్టుకోండి.

నమస్కారం.