తల్లిని గుమ్మం బయట ఎందుకు కూర్చోబెడుతున్నాం?

(నవజాత శిశు వారోత్సవంలో నల్లగొండలో ఒక విశ్రాంత హెడ్ నర్సు చేసిన ప్రసంగం)

వేదిక మీది డాక్టర్లకు, ఆశా అక్కలకు, నర్సింగ్ చదువుతున్న పిల్లలకు నమస్కారం. చేతుల శుభ్రత, ముర్రుపాలు, టీకాల గురించి మాట్లాడమన్నారు. అవి మీకు తెలిసినవే. పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించండి, తేనె నాకించనివ్వకండి. నా టైమంతా బరువు తక్కువ బిడ్డల తల్లుల కోసం వాడుకుంటాను.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే బాక్సులో, అంటే ఇంక్యుబేటర్‌లో పెడతాం, తల్లిని వార్డుకు పంపుతాం. బిడ్డ కుదుటపడ్డాక ఎద మీద పడుకోబెట్టి కంగారూ కేర్ చేయిస్తాం. ఈ పద్ధతి 1978లో కొలంబియాలోని బొగోటాలో పుట్టింది. ఇంక్యుబేటర్లు చాలక అక్కడి డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డల్ని తల్లుల ఎదకే కట్టించాడు. తర్వాత చాలా ఏళ్లు అందరం బిడ్డ కుదుటపడేదాకా ఆగాం.

ఆగకపోతే ఏమవుతుందని ఘనా, మలావి, నైజీరియా, టాంజానియా, మన దేశంలో కలిపి ఐదు ఆసుపత్రుల్లో చూశారు. మన దగ్గర ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బరువున్న బిడ్డలు, మొత్తం 3,211 మంది. సగం మందిని పుట్టిన వెంటనే తల్లి ఎద మీదికి చేర్చి, రోజుకు దాదాపు 17 గంటలు అక్కడే ఉంచారు. మిగతా వాళ్లకు పాత పద్ధతే. పాత పద్ధతిలో 28 రోజుల్లోపు నూటికి 15.7 మంది చనిపోయారు. తల్లి దగ్గరున్న వాళ్లలో 12 మంది. మేలు అంత స్పష్టంగా కనబడేసరికి అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పుట్టిన వెంటనే మొదలుపెట్టమంది, రోజుకు కనీసం 8 గంటలు ఉంచమంది. వెంటిలేటర్ మీదున్న బిడ్డ, ఒంట్లో రక్తప్రసరణ పడిపోయి షాక్‌లో ఉన్న బిడ్డ సంగతి వేరు. వాళ్లకు ఆగాల్సిందే.

ఇంకా చాలా చెప్పాలని రాసుకొచ్చాను గానీ, మా చెల్లెలి కోడలి సంగతి చెప్పకుండా ఉండలేను. ఎనిమిదో నెలలోనే కాన్పైంది, బిడ్డ కిలో నాలుగు వందలు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, పేరు చెప్పను. కుట్లు మానకముందే ఆ పిల్ల బయట వరండాలో ఇనప కుర్చీలో కూర్చునేది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి అద్దంలోంచి చూపించేవాళ్లు. పాలు పిండి గిన్నెలో ఇమ్మన్నారు. బిడ్డను ముట్టుకోనివ్వకపోతే, టెన్షన్‌తో ఆ పాలు ఎక్కడినుంచి వస్తాయి? నాలుగు చుక్కలు రావడమే గగనమైంది. “తల్లిని లోపలికి రానివ్వండి” అని అడిగితే “ఇన్‌ఫెక్షన్ వస్తుందమ్మా” అన్నారు. నేను చెప్పిన ఆ ఐదు ఆసుపత్రుల్లో తల్లి దగ్గరున్న బిడ్డలకే సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకే ఇన్‌ఫెక్షన్, అనుమానం తక్కువ, ఒళ్లు చల్లబడటం తక్కువ! తల్లి ఒంటి మీది క్రిములు బిడ్డకు కొత్తవి కావు. పది మంది బిడ్డల్ని ముట్టుకునే మన చేతులతోనే ఎక్కువ భయం. పాప బతికింది, ఇప్పుడు అంగన్వాడీకి పోతోంది. అయినా ఆ ఇనప కుర్చీ గుర్తొస్తే నాకిప్పటికీ కోపం ఆగదు.

వెనక కూర్చున్న ఆశా అక్కలూ, ఒకసారి చేతులెత్తండి. మీ ఊళ్లలో ఇట్లా వరండాలో కూర్చున్న తల్లులెందరు? చూడండి సార్, ఎన్ని చేతులో!

దేవరకొండ, అచ్చంపేట తండాల నుంచి వచ్చే తల్లికి ఇంకో కష్టం ఉంది. ఇంటాయన వలస కూలికి పోయి ఉంటాడు, ఇంటి దగ్గర పెద్ద పిల్లలుంటారు. రోజంతా ఆమె ఒక్కతే ఎట్లా మోస్తుంది? అత్తనో, అమ్మనో, వచ్చి ఉంటే తండ్రినో కూర్చోబెట్టండి. తండ్రి ఎద కూడా వెచ్చగానే ఉంటుంది. చొక్కా విప్పించి, గోడకు ఆనించి, బిడ్డను గుడ్డతో కట్టండి.

దీనికి కోట్లు అక్కర్లేదు. బిడ్డల వార్డులో తల్లికి ఒక మంచం, వెనక్కి వాలే కుర్చీ, ముందు తెరిచే గౌను, ఒక కర్టెన్ చాలు. బాలింతకు మందులు, తిండి కూడా అక్కడికే తేవాలి. ఆక్సిజన్, సెలైన్, యాంటీబయాటిక్ ఏదీ ఆగదు, అన్నీ తల్లి ఎద మీదే నడుస్తాయి. సఫ్దర్‌జంగ్‌లో నడిచింది, ఇక్కడ ఎందుకు నడవదు?

సూపరింటెండెంట్ సార్ ముందు వరుసలోనే ఉన్నారు. సార్, రెండు మంచాలతో మొదలుపెట్టండి. ఏ వారం నుంచో ఇప్పుడే ఈ మైకులో చెప్పండి, నేను పక్కకు జరుగుతాను.