ఆపరేషన్ తర్వాత రెండో రాత్రి

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా మేనత్త పెరట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అప్పటికే రెండేళ్లుగా ఆమెకు మతిమరుపు. బరంపురం తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాం. అది బాగానే జరిగింది. రెండో రాత్రి మాత్రం అత్త సెలైన్ సూది పీకేసి, "దూడ తాడు తెంపుకుంది, పట్టుకోండి" అంటూ మంచం దిగబోయింది. ఆ ఇంట్లో దూడ ఉండి ఇరవై ఏళ్లయింది. గాలి సోకిందని పక్క మంచం వాళ్లు అంటే మా వదిన విభూతి పెట్టింది. నర్సమ్మ "మావుసీ, మావుసీ" అని ఒడియాలో బుజ్జగిస్తుంటే అత్త ఇంకా బెదిరిపోయింది. ఒడియా రాక కాదు, బజార్లో జీవితమంతా ఆ భాషలోనే బేరాలాడింది. ఆ రాత్రికి ఆమె దగ్గర తెలుగొక్కటే మిగిలింది.

ఇలా ఉన్నట్టుండి మతి చెదరడాన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. మతిమరుపు నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. ఇది గంటల్లో వస్తుంది, పొద్దున తగ్గినట్టుండి పొద్దుగూకేసరికి ఎక్కువవుతుంది. మతిమరుపు ఉన్న మెదడు నొప్పిని, నిద్రలేమిని, ఒంట్లో నీరు తగ్గడాన్ని, మూత్రం బిగబట్టడాన్ని, మలబద్ధకాన్ని తట్టుకోలేదు. అందరూ అరవరు. కొందరు కళ్లు మూసుకుని, తిండి మాని, ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటారు. హాయిగా నిద్రపోతున్నారని మనం సంతోషిస్తాం. నాకు ఎక్కువ భయం ఈ రకమే, ఎవరి కంటా పడదు కనుక. ఇలా ఉన్నట్టుండి మారితే ఏ వేళైనా సరే నర్సుకు చెప్పండి.

కొంతవరకు దీన్ని రాకుండా చూసుకోవచ్చు. 2001లో అమెరికాలో తుంటి విరిగిన పెద్దవాళ్ల మీద ఒక పరిశోధన వెలువడింది. వృద్ధుల వైద్యుడు మొదటి నుంచీ వెన్నంటి నొప్పి, నీళ్లు, మందులు, నడక కనిపెట్టుకుని ఉంటే, నూటికి 50 మందికి రావాల్సింది 32 మందికే వచ్చింది.

అందుకని మతిమరుపు సంగతి, వేసుకునే ప్రతి మాత్ర, సారా అలవాటుంటే అదీ ఆపరేషన్‌కి ముందే దాచకుండా చెప్పండి. నిద్రమాత్ర ఇమ్మని పట్టుబట్టకండి. జలుబుకీ దురదకీ దుకాణంలో కొనే మాత్రలు కొన్ని మతిని ఇంకా చెదరగొడతాయి. ఏళ్లుగా నిద్రమాత్ర వాడేవాళ్లయితే మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుకు చెప్పండి. నొప్పి నోటితో చెప్పలేరు, నుదురు ముడిపడిందేమో చూడండి. డాక్టరు ఒప్పుకున్న రోజే లేపి కూర్చోబెట్టండి. మూత్రం గొట్టం ఇంకా అవసరమా అని రోజూ అడగండి. రాత్రి దీపం తగ్గించమనండి. చేతులు కట్టెయ్యనివ్వకండి.

మా తప్పు ఒకటి చెప్పాలి. ఆపరేషన్‌కి ముందు తీసిన అత్త కళ్లద్దాలు, చెవి మిషను, కట్టుడు పళ్లు మూడు రోజులు నా చేతిసంచిలోనే ఉండిపోయాయి. కనపడక, వినపడక, ఆ పరాయి గదిలో ఆమె దూడని వెతుక్కుంది. దూడ లేదని మేం వాదించాం. "నేను కట్టేస్తానత్తా, నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు, కాలికి ఆపరేషన్ అయింది" అని చెయ్యి పట్టుకుని ఉంటే సరిపోయేది.

నాలుగో రోజు కళ్లద్దాలు పెట్టాం. "నొప్పా? దాహమా? ఒంటికి వెళ్తావా?" అన్న తెలుగు మాటల్ని ఒడియా లిపిలో అట్ట మీద రాసి మంచం తలవైపు అంటించాం. నర్సమ్మ చూసి కూడబలుక్కుని చదివింది. "దాహం" అంది అత్త. ఆ అట్ట మొదటి రోజే రాయాల్సింది.