తగుదునమ్మా, పెత్తనం, పితూరీ: వేలు పెట్టేవాళ్ళకి మనం పెట్టిన పేర్లు

పెళ్ళిచూపులు జరుగుతున్నాయి. అబ్బాయి, అమ్మాయి ఇంకా నోరు విప్పలేదు, ఈలోపు ఎవరో దూరపు చుట్టం మధ్యలోకి వచ్చి కూర్చుని జీతం ఎంత, సొంతిల్లుందా, అప్పులేమైనా ఉన్నాయా అని మొదలుపెట్టింది. వంటింట్లోంచి ఒక గొంతు: "తగుదునమ్మా అని బయల్దేరింది చూడు!"

[తెర మీద: తగుదును + అమ్మా]

ఈ మాటని విడదీసి చూడండి. చేయుదును, పోవుదును అని పాత తెలుగులో ఉంటాయి కదా, అలాంటిదే తగుదును. 'నేను తగినదాన్ని, ఈ పనికి సరిపోతాను' అని. అంటే ఎవరూ పిలవకుండానే ముందుకొచ్చే మనిషి తన గురించి తాను చెప్పుకునే మాటనే తీసుకెళ్ళి మనవాళ్ళు ఆ మనిషికి తగిలించారు. ఒక్క క్రియాపదంలో ఆ నడక, ఆ వాలకం అన్నీ కనిపిస్తాయి. నాకు చాలా ఇష్టమైన మాట ఇది.

పెత్తనం కూడా అంతే, మొదట్లో మంచి మాటే. పెద్దతనం నోట్లో నలిగి పెత్తనం అయింది. పెద్దతనం ఎదుటివాళ్ళు ఇస్తారు, పెత్తనం మనమే లాక్కుంటాం, అక్కడే తేడా. దానికి పారసీ 'దారు' కలిస్తే పెత్తందారు. జమీందారులో ఉన్న దారే ఇది.

చుప్పనాతి అంటే శూర్పణఖే, పలికీ పలికీ పేరు అలా మారింది.

[తెర మీద: మన్యం కొండలు]

ఇక పితూరీ. దీని దగ్గర కాసేపు ఆగుదాం. "ఊరికే పితూరీలు చెప్పకు" అని పిల్లల్ని కసురుతాం. కానీ 1879లో గోదావరి మన్యంలో, కల్లు మీద చిగురు పన్ను వేసి, కొండవాళ్ళ పోడు మీద, అడవి మీద ఆంక్షలు పెడితే ముత్తాదారులతో (కొన్ని కొండ ఊళ్ళ మీద పెత్తనం ఉన్న స్థానిక పెద్దలతో) కలిసి జనం తిరగబడ్డారు, దాన్ని రంప పితూరీ అన్నారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు, ఆయన మనుషులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్ళారు, దాన్నీ పితూరీ అనే అన్నారు. మాట ఉర్దూ ఫితూర్ నుంచి వచ్చింది, అల్లరి, గొడవ అని అర్థం. సర్కారు మీద లేస్తే అది తిరుగుబాటు, ఇద్దరి మధ్య గొడవ రేగేలా ఒకరి మాట ఇంకొకరికి మోస్తే అది చాడీ, రెండూ ఒకే పేరు కింద చేరిపోయాయి.

అడవి కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ పోరాటానికీ, వెనకాల మోసే చాడీకీ ఒకటే మాట ఉండటం నాకు కష్టంగా అనిపిస్తుంది. అందుకే రంప గురించి చెప్పేటప్పుడు నేను తిరుగుబాటు అనే అంటాను.