ఓరుగల్లు పడిన ఏడు అక్కడివాళ్లకి 1323 కాదు

అందరికీ నమస్కారం. ఓరుగల్లు కోట ఎప్పుడు పడింది అని అడిగితే 1323 అని టక్కున చెప్పేస్తాం. పోటీ పరీక్షలకి చదివినవాళ్లయితే నిద్రలో లేపి అడిగినా చెప్తారు. కానీ కోట లోపల ప్రతాపరుద్రుడితో ఉన్నవాళ్లకి గానీ, బయట నెలల తరబడి ముట్టడి వేసిన ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సైన్యానికి గానీ 1323 అనే లెక్కే లేదు. అది మనం తర్వాత అతికించిన అంకె.

లోపలివాళ్లకి అది శాలివాహన శకం 1245, రుధిరోద్గారి నామ సంవత్సరం. రుధిరోద్గారి అంటే నెత్తురు కక్కేది. యుద్ధం చూసి ఎవరూ ఆ పేరు పెట్టలేదు, అరవై పేర్ల వరుసలో అది 57వది, దాని వంతు వచ్చింది, అంతే. అయినా ఆ ఉగాది రోజు పంచాంగం వింటూ కూర్చున్న జనాన్ని తలచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

బయట గుడారాల్లో ఉన్నవాళ్లకి అది హిజ్రీ 723. హిజ్రీ ఏడాదికి దాదాపు 354 రోజులే, మనలాగా అధికమాసం వేసి సూర్యుడితో కలుపుకోరు, అందుకే రంజాన్ ఒకసారి ఎండాకాలంలో, ఇంకోసారి వానల్లో వస్తుంది. 723 మాత్రం 1323 జనవరి 10 ప్రాంతంలో మొదలై డిసెంబరు చివర్లో అయిపోయింది, అంటే ఆ హిజ్రీ ఏడాది మొత్తం 1323లోనే ఇమిడిపోయింది. ఆ మొహర్రం నెలవంక మన లెక్కలో దుందుభి నామ సంవత్సరం మాఘమాసం మొదట్లో కనిపించింది. రెండు పక్షాలూ చూసింది ఒకే చంద్రుణ్ణి, లెక్కే వేరు.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, శాసనం చదివేటప్పుడు ఇక్కడే దెబ్బతింటాం. శక సంవత్సరానికి 78 కలిపితే చాలు అని మనకి నేర్పిస్తారు. కానీ శక 1245 మార్చిలో ఉగాదితో మొదలైంది కాబట్టి, దాని మాఘ, ఫాల్గుణ మాసాలు దాదాపు మొత్తం 1324లో పడతాయి, అక్కడ 79 కలపాలి. నెల చూడకుండా కూడేస్తే ఒక ఏడాది తప్పుతుంది. అందుకే శాసనంలో అంకెతో పాటు సంవత్సరం పేరు కూడా ఉందా అని చూడండి. అంకె చెక్కడంలో పొరపాటు జరిగితే పేరు పట్టిస్తుంది. పేరొక్కటే ఉంటే అది ఏ అరవైలోదో తెలీదు. రెండూ కలిస్తేనే గట్టి సాక్ష్యం.

ఓటమి తర్వాత ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకెళ్తుంటే దారిలో నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెప్తుంది. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. రాజమహేంద్రవరం మసీదు శాసనంలో తేదీ హిజ్రీ 724 రంజాన్, అంటే 1324 సెప్టెంబరు. తెలుగు నేల మీద రాతి మీద తేదీ వేసే పద్ధతే మారిపోతోంది, ఆ మార్పు నాకు యుద్ధవర్ణనల కంటే ఆ తేదీల్లోనే బాగా కనిపిస్తుంది.

ఓరుగల్లు పడిన 1323లోనే చైనా నుంచి జపాన్‌కి సరుకు వేసుకుని వెళ్తున్న ఓడ ఒకటి కొరియా తీరంలో సినాన్ దగ్గర మునిగిపోయింది. 1975లో ఒక జాలరి వలలో పింగాణీ పాత్రలు పడితే దాని సంగతి బయటపడింది, తర్వాత తవ్వకాల్లో ఇరవై వేలకు పైగా పింగాణీ వస్తువులు, 28 టన్నుల రాగి నాణేలు దొరికాయి. అది ఏనాటి ఓడో ఎలా తెలిసింది? సరుకు మూటలకి కట్టిన చెక్క చీటీల మీద "జిజీ 3వ ఏడు" అని రాసి ఉంది. చైనావాళ్లు అప్పట్లో చక్రవర్తి ప్రకటించిన శకంతో ఏళ్లు లెక్కపెట్టేవాళ్లు. ఆ జిజీ చక్రవర్తిని 1323 సెప్టెంబరులో చంపేశారు, కొత్త ఏడు రాగానే శకం పేరు మార్చేశారు. వాళ్లకీ మనలాగే అరవై ఏళ్ల చక్రం ఉంది. మన చక్రంలో 57వది నడుస్తుంటే వాళ్ల చక్రంలో ఆఖరిదైన 60వది నడుస్తోంది.

మా నాయనమ్మకి పుట్టిన తేదీ తెలీదు, "ప్రభవలో పుట్టాను" అనేది. కార్డులో ఎవరో జనవరి 1 అని రాసేశారు. ప్రభవ అంటే 1927 ఉగాది నుంచి 1928 ఉగాది దాకా, ఆమె మాటే ఆ కార్డు కంటే నిజం. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లు ఉంటే ఈ రోజే అడిగి రాసిపెట్టుకోండి. ఇక్కడ 1983 ఉగాది తర్వాత, 84 ఉగాది లోపల పుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీది రుధిరోద్గారి. ఓరుగల్లు పడిన ఏడుకి, మీరు పుట్టిన ఏడుకి మధ్య చక్రం సరిగ్గా 11 సార్లు తిరిగింది.