హిరోషిమాను బొమ్మల్లో చెప్పిన నకజావా

[తెరపై: తెల్ల కాగితం, దానిపై సిరాతో గీసిన ఖాళీ గడులు]

కామిక్స్ పిల్లల కాలక్షేపం మాత్రమేనని భావించేవారు జపాన్ చిత్రకారుడు కెయిజీ నకజావా గురించి తప్పక తెలుసుకోవాలి. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడినప్పుడు ఆయన ఆరేళ్ల పిల్లవాడు. బడి గోడ అడ్డుగా నిలవడంతో ఆయన బతికారు గానీ, తండ్రి, అక్క, తమ్ముడు కూలిన ఇంటి కింద చిక్కుకుని ప్రాణాలు కోల్పోయారు.

యుద్ధానంతరపు ఆకలి రోజుల్లో ఒసాము తెజుకా బొమ్మల కథలు చదివి, తానూ అలాంటివి గీయాలని నకజావా నిశ్చయించుకున్నారు. 1961లో టోక్యో చేరారు. అక్కడ బాంబు బాధితులను జనం దూరం పెట్టడం చూసి, తన గతాన్ని దాచుకుని ఇతర కథలే గీస్తూ వచ్చారు.

[తెరపై: 1966]

ఆ ఏడాది తల్లి మరణించారు. మనలాగే అస్థికలు ఏరే ఆచారం జపాన్‌లోనూ ఉంది. అయితే దహనం తరువాత ఏరడానికి తగిన ఎముకలు కూడా మిగలకపోవడం చూసి, వాటిని రేడియేషనే హరించిందని నమ్మిన నకజావా, ఆ ఆగ్రహంతోనే అణుబాంబు గురించి గీయడం మొదలుపెట్టారు. 1973లో బాలుర వారపత్రిక షోనెన్ జంప్‌లో గెన్ అనే పిల్లవాడి కథ ‘హదాషి నో గెన్’ (చెప్పుల్లేని గెన్) ధారావాహికగా ఆరంభమైంది. పుస్తకరూపంలో అది పది సంపుటాలు.

[తెరపై: రెండు గడులు, వాటి నడుమ తెల్లని ఖాళీ]

గెన్ చాలావరకు నకజావాయే. కానీ ఒక చోట ఆయన తన జీవితాన్ని మార్చి గీశారు. ఇల్లు కాలిపోతున్నప్పుడు నిజానికి ఆయన అక్కడ లేరు. జరిగినది తరువాత తల్లి చెప్పగా విన్నారు. కథలో మాత్రం గెన్ తల్లి పక్కనే ఉండి, దూలాలను ఎత్తడానికి శక్తినంతా కూడగట్టి ప్రయత్నిస్తాడు. తాను చేరలేకపోయిన చోటికి కొడుకు చిత్రకారుడిగా చేరుకోవడం, తల్లి ఒక్కతే మోసిన జ్ఞాపకాన్ని తానూ మోయడం నాకు ఈ కళ ఇచ్చిన అత్యంత విలువైన అవకాశంగా కనిపిస్తుంది.

పాఠకుడికి కలిగే అనుభవమూ ప్రత్యేకమైనదే. సినిమాలో దృశ్యం తన వేగంతో సాగిపోతుంది. కామిక్స్‌లో ఒక గడి నుంచి మరో గడికి ఎప్పుడు కదలాలో మనమే నిర్ణయించుకుంటాం, రెండింటి నడుమ జరిగినదాన్ని మనమే ఊహించుకుంటాం. అందువల్ల భరించలేని పేజీ దగ్గర ఆగవచ్చు, పుస్తకం మూయవచ్చు, మరునాడు తిరిగి తెరవవచ్చు.

గుండ్రని ముఖాలు, అల్లరి, పాటలు ఉన్నంతమాత్రాన ఇది చిన్నారులకు సులువైన పుస్తకం కాదు. చర్మం వేలాడుతూ నడిచే మనుషుల బొమ్మలు ఇందులో ఉన్నాయి. కాబట్టి పెద్దలు మొదటి సంపుటాన్ని ముందుగా తాము చదివి, ఆ తరువాత పిల్లల పక్కన కూర్చుని వారితో కలిసి చదవాలని నా మనవి.