సముద్రంలో ఉప్పు పలచబడితే

నమస్తే అండీ. చిన్నప్పుడు బళ్లో చేసిన ప్రయోగం ఒకటి గుర్తు తెచ్చుకోండి. గ్లాసు మంచినీళ్లలో కోడిగుడ్డు వేస్తే మునుగుతుంది. అదే నీళ్లలో నాలుగు చెంచాల ఉప్పు కలిపితే తేలుతుంది. ఉప్పు కలిస్తే నీరు బరువెక్కుతుంది కాబట్టి. అట్లాంటిక్ మహాసముద్రంలో ఒక పెద్ద ప్రవాహం ఈ ఉప్పు బరువు మీదే నడుస్తోంది.

ధ్రువాల మంచు కరుగుతోందంటే మనం సముద్రమట్టం గురించే టెన్షన్ పడతాం. నా భయం ఉప్పు గురించి.

భూమధ్యరేఖ దగ్గర వేడెక్కిన నీరు అట్లాంటిక్ పైపొర మీదుగా ఉత్తరానికి పోతుంది. దారిలో కొంత ఆవిరై, మిగిలింది ఇంకా ఉప్పగా అవుతుంది. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ వైపు చేరేసరికి బాగా చల్లబడి, బరువెక్కి, కిలోమీటర్ల లోతుకు దిగిపోతుంది. అక్కడినుంచి అడుగునే దక్షిణానికి తిరుగు ప్రయాణం. శాస్త్రవేత్తలు ఈ అట్లాంటిక్ ప్రవాహ చక్రాన్ని ఇంగ్లిష్ పేరు కుదించి ఏమాక్ (AMOC) అంటారు. ఈ ప్రవాహం దాదాపు 60 కోట్ల క్యూసెక్కులు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షలు దాటితే గుండెలు జారిపోయాయి కదా. అలాంటి గోదావరులు 240 కలిస్తే ఇదవుతుంది.

ఆ మునిగే నీటితోనే ఆక్సిజన్ కూడా కిందికి దిగుతుంది. లోతుల్లో వెలుతురు లేదు, నాచు పెరగదు. అక్కడి జీవులకు ఊపిరి పైనుంచి రావాల్సిందే. అడుగున పేరుకున్న పోషకాలు మళ్లీ పైకి చేరడంలోనూ ఈ ప్రవాహానికి పెద్ద పాత్ర ఉంది. వాటితో కంటికి ఆనని నాచు పెరుగుతుంది, దాన్ని తిని రొయ్యల్లాంటి చిన్న ప్రాణులు, వాటిని తిని చేపలు, తిమింగలాలు బతుకుతాయి.

ఇప్పుడు గ్రీన్‌లాండ్ చూడండి. 2002 నుంచి ఉపగ్రహాలతో కొలుస్తున్నారు. ఏటా సగటున సుమారు 27 వేల కోట్ల టన్నుల మంచు పోతోంది. అదంతా మంచినీరు. సముద్రం మీద చేరి ఉప్పును పలచన చేస్తే, మునగాల్సిన నీరు పైనే ఉండిపోతుంది. ప్రపంచమంతా వేడెక్కుతుంటే గ్రీన్‌లాండ్‌కు దక్షిణాన ఒక్క చోట మాత్రం సముద్రం గత వందేళ్లలో చల్లబడింది. ప్రవాహం మందగించడమే కారణమని చాలామంది శాస్త్రవేత్తల అంచనా. అయితే బహమాస్ నుంచి ఆఫ్రికా తీరం దాకా పరికరాలు దించి నేరుగా కొలవడం 2004లోనే మొదలైంది. ఇంత పెద్ద విషయానికి ఆ లెక్క చాలదు.

అందుకే పాత కాలం వైపు చూడాలి. సుమారు 8,200 ఏళ్ల కిందట ఉత్తర అమెరికాలో మంచు గోడ వెనక నిలిచిన మహా సరస్సు, కట్ట తెగినట్టు, హడ్సన్ అఖాతంలోకి దూకింది. ఆ మంచినీటితో ఈ ప్రవాహం మందగించిందని అంచనా. గ్రీన్‌లాండ్ ఒక్కసారిగా చల్లబడింది, కోలుకోవడానికి నూట యాభై ఏళ్లు పట్టింది. ఒమన్ గుహల్లో చుక్కచుక్కగా పేరుకున్న సున్నపు దిబ్బల్ని పరీక్షిస్తే, అదే కాలంలో అక్కడ నైరుతి వానలు కూడా తగ్గినట్టు తేలింది. ఆ గాలులే మన దగ్గరికీ వచ్చేవి.

ఈ శతాబ్దంలో ఏమాక్ బలహీనపడే అవకాశం చాలా ఎక్కువని, వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది. 2100 లోపు హఠాత్తుగా కుప్పకూలదు అన్న మాట మీద మాత్రం దాని నమ్మకం మధ్యస్థమే. నైరుతిని చూసుకుని నారు పోసే మనకు ఆ మధ్యస్థం సరిపోదండీ.