గడ్డి నేల ఖాళీ జాగా కాదు

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థులు, గొర్ల కాపరులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో కూర్చున్న పెద్దలు కొంచెం ముందుకు రావాలె. ఈరోజు మాట్లాడేది మీ సంగతే.

మన పిల్లలమర్రికి, ఆ పాత పెద్ద మర్రిచెట్టుకు, జబ్బు చేసినప్పుడు ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. 2017 చివర్లో సందర్శకులను ఆపేశారు. 2018లో చెదలను చంపడానికి కొమ్మలకు సీసాలు కట్టి, సెలైన్ ఎక్కించినట్టు మందు ఎక్కించారు. దేశమంతా ఆ ఫొటోలు చూసింది. మంచి పనే, నేను తప్పుపట్టను. కానీ ఇదే పాలమూరులో గడ్డి నేలలు ఎకరాలకు ఎకరాలు మాయమవుతుంటే ఒక్క ఫొటో రాలేదు. షాద్‌నగర్ నుంచి జడ్చర్ల దాకా, అటు చౌటుప్పల్ వైపు కూడా, రోడ్డు పక్కన చూడండి. నిన్నటి దాకా జీవాలు మేసిన జాగాలో ఇవాళ రంగు రాళ్లు పాతి, కమాన్ కట్టి, వెంచర్ అని బోర్డు పెట్టారు.

సవన్నా అనగానే మన పిల్లలకు టీవీలో చూసిన ఆఫ్రికా గుర్తొస్తుంది, జిరాఫీలు, సింహాలు. అంత దూరం పోవక్కర్లేదు. కింద గడ్డి, మీద అక్కడక్కడ చెట్లు, కొమ్మలు ఒకదానికొకటి తగలనంత ఎడం, ఎండ నేల దాకా దిగే జాగా. ఇదే సవన్నా. మక్తల్, దేవరకద్ర వైపు తెల్లతుమ్మ, రేగు, తంగేడు మధ్య గడ్డి పెరిగే ఎర్రనేలలు అవే. దేవరకొండ, చందంపేట గుట్టల వాలులు అవే. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో కూడా, మనం అడవి అని పిలిచే చాలా చోట్ల చెట్ల కింద గడ్డి ఒత్తుగా ఉంటుంది. అలాంటి ఎండు అడవులను సవన్నాగానే చూడాలని జీవావరణ శాస్త్రవేత్తలు కొందరు కొన్నేళ్లుగా వాదిస్తున్నారు. నాకు ఆ వాదన సరైనదే అనిపిస్తుంది.

చెట్లన్నీ నరికేస్తే మిగిలింది ఈ గడ్డి అని మనలో చాలామందికి ఒక నమ్మకం. కొన్ని చోట్ల అది నిజమే కావచ్చు. కానీ దక్షిణాసియాలో ఎండను, కరువును తట్టుకునే ఈ రకం గడ్డి విస్తరించి 60 నుంచి 80 లక్షల ఏళ్లయింది. మనిషి చేతికి గొడ్డలి రాకముందు మాట అది. మన దగ్గర ఏడాదికి 600, 700 మిల్లీమీటర్ల వాన. అదీ నాలుగు నెలల్లోనే కురుస్తుంది. మిగతా ఎనిమిది నెలలు ఎండుడే. చెట్టుకు చిగురు కొమ్మ చివర ఉంటుంది, గడ్డికి నేలను అంటుకుని ఉంటుంది. జీవాలు మేసినా, నిప్పు పైపైన పోయినా, తొలకరి పడగానే మళ్లీ లేస్తుంది. చిన్న మొక్క అట్లా తట్టుకోలేదు.

పశువు, నిప్పు, చెట్టు ఈ మూడింటి లెక్క ఎంత చిక్కుగా ఉంటుందో తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటి గడ్డి నేల చూపించింది. 1890ల్లో రిండర్‌పెస్ట్ అనే పశువుల రోగం తూర్పు ఆఫ్రికాను తుడిచిపెట్టింది. పెంచుకునే పశువులతో పాటు అడవి దున్నలు, వైల్డ్‌బీస్ట్‌లు అనే మందలుగా తిరిగే గడ్డి మేసే జంతువులు చచ్చిపోయాయి. తర్వాత చుట్టుపక్కల పశువులకు టీకాలు వేస్తే, 1960ల్లో ఆ రోగం అడవి జంతువులను కూడా వదిలింది. రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్ట్‌లు పదిహేనేళ్లలో పది లక్షలు దాటాయి. అవి గడ్డి మేసేసరికి మంటలు తగ్గాయి, మంటలు తగ్గేసరికి చెట్లు పెరిగాయి. పశువుకు వేసిన సూది చెట్ల లెక్కను మార్చింది! అందుకే ‘మేత ఆపేద్దాం, కంచె వేద్దాం, అంతా బాగుపడుతుంది’ అని ఎవరైనా అంటే నేను తొందరపడి తల ఊపను.

మరి మన దగ్గర అసలు ముప్పు ఎక్కడి నుంచి వస్తోంది? నా ఉద్దేశంలో కాగితం నుంచి. మన ఊళ్లలో బంచరాయి అని, గైరాన్ అని, కంచ అని పశువుల మేతకు విడిచిన భూములు ఉండేవి. శిస్తు రాని భూమి కాబట్టి రెవెన్యూ కంటికి అది ఎప్పుడూ రెండో రకమే. 2000 సంవత్సరం నుంచి కేంద్రం వేస్తున్న బంజరు భూముల అట్లాసులో పొదలున్న నేల కూడా ఒక పద్దు. ఆ అట్లాసు మన హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతోనే తయారవుతుంది. ఒకసారి బంజరు అని రాశాక సోలార్ ప్లాంటుకైనా, ఇండస్ట్రియల్ పార్కుకైనా, క్వారీకైనా, చెత్త డంపుకైనా ముందు ఆ సర్వే నంబరే గుర్తొస్తుంది.

చెట్లు నాటడానికి కూడా అదే. ఈ మాట చెప్తే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్తాను. 2015లో హరితహారం మొదలైనప్పుడు రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలన్నారు. రోడ్ల వెంట, బడుల్లో, నరికేసిన అడవిలో నాటితే ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఎవరి ఊళ్లోనైనా బంచరాయిలో జేసీబీతో గుంతలు తీసి నీలగిరి పెడితే, అది పర్యావరణ రక్షణ అని నేను ఒప్పుకోను. గడ్డి తన కర్బనంలో ఎక్కువ భాగం వేర్లలో, మట్టిలో దాచుకుంటుంది. నిప్పు అంటుకున్నా అది చాలావరకు అక్కడే ఉంటుంది. నేల తిరగేస్తే ఆ నిల్వ పోతుంది. పాత గడ్డి నేలను ఒకసారి దున్నేశాక, వదిలేసినా మునుపటి రకాలు తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది.

సర్కారు తుమ్మ సంగతి మీకు నేను చెప్పేదేముంది. బయటి దేశం నుంచి 19వ శతాబ్దంలో తెచ్చారు. గొర్లు కాయలు తింటాయి, పెంటికల్లో గింజలు పోతాయి, ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. దాని నీడలో మేతగడ్డి నిలవదు. పైన నరికితే నాలుగు కొమ్మలై లేస్తుంది, మొదలు తవ్వి తీయాల్సిందే. అయితే దాని బొగ్గు మీద బతికే కుటుంబాలున్నాయి. వాళ్లకే ఆ పని అప్పజెప్పి, ఏటా కొంత జాగా చొప్పున తీయించడం నాకు తోచిన దారి.

జీవాల లెక్క చూద్దాం. 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్లతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. 2017లో మొదలైన పథకంలో 75 శాతం సబ్సిడీతో ఒక్కో యూనిట్‌కు 20 గొర్లు, ఒక పొట్టేలు ఇచ్చారు. గొర్లు ఇచ్చారు సరే, మేత ఎక్కడ? బంచరాయి సగమైతే అదే మంద భారం మిగిలిన సగం మీద రెట్టింపు పడుతుంది. అప్పుడు ‘కాపరులు గడ్డిని నాశనం చేస్తున్నారు’ అని రిపోర్టు రాస్తారు. అతిమేత లేదని నేను అనడం లేదు. తొలకరి తర్వాత రెండు నెలలు కొంత భాగం మూసి, గింజ రాలాక తెరిస్తే గడ్డి కోలుకుంటుంది. ఆ మాట ఊళ్లో కాపరులు కలిసి అనుకోవాలి, పైనుంచి వస్తే నిలవదు. 2026ను ఐక్యరాజ్యసమితి మేత భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. ఇక్కడున్న కాపరుల్లో ఎంతమందికి ఎవరైనా ఆ సంగతి చెప్పారు?

చేతిలో ఉన్న పనులు కూడా ఉన్నాయి. మీ ఊరి బంచరాయి సర్వే నంబర్లు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే గ్రామసభలో తీర్మానం చేసి అర్జీ పెట్టండి. ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలోనే అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఒక కమిటీ, ఒక రిజిస్టరు ఉండాలి. విద్యార్థులు ఆ రిజిస్టరు అడిగి చూడండి, అందులో ఎన్ని గడ్డి పేర్లున్నాయో లెక్కపెట్టండి. గరిక, బోద, బట్టలకు గుచ్చుకునే ముల్లు గడ్డి, ఏది ఎప్పుడు గింజ పాలు పోసుకుంటుంది, ఏది గొర్రె ముట్టదు, ఇవన్నీ వెనక కూర్చున్న వాళ్లకు తెలుసు. 2016లో అమీన్‌పూర్ చెరువుకు జీవవైవిధ్య వారసత్వ స్థలం అనే గుర్తింపు ఇదే చట్టం కింద వచ్చింది. ఒక బంచరాయికి ఎందుకు అడగకూడదు?

చివరగా కృష్ణజింకలు. మక్తల్, కృష్ణా మండలాల రైతులు ఇక్కడ ఉంటే నన్ను అడిగేది ఇదే. మొలకెత్తిన పత్తి, కంది గుంపులు గుంపులుగా వచ్చి మేసిపోతుంటే మీ సవన్నా ముచ్చట ఎవరికి కావాలని. న్యాయమైన ప్రశ్న. కృష్ణా నది అవతల ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడులో, గడ్డి నేలల్లో బతికే బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. లోపల జింకలు పెరిగి చుట్టూ పొలాల మీద పడ్డాయి, రైతులకు అభయారణ్యం అంటేనే కోపమొచ్చింది. చుట్టూ నీళ్లొచ్చి పంటలు మారాయి. నేల మీద ఒకసారికి ఒక్క గుడ్డు పెట్టే బట్టమేక పిట్టకు జాగా లేకుండా పోయింది. ఇప్పుడు దేశం మొత్తం మీద అవి 150 దాకా ఉంటాయని అంచనా. రైతును పక్కనపెట్టి కంచె మాత్రం వేస్తే ఏమవుతుందో అక్కడ చూశాం. కాబట్టి జింక మేసిన పంటకు పరిహారం ఆ సీజన్‌లోనే రైతు చేతికి రావాలి, ఏడాది తర్వాత కాదు. దాంతోపాటు నది ఒడ్డున మిగిలిన గడ్డి నేలలను ఇక ఎవరికీ కేటాయించకుండా ఆపాలి. మేయడానికి జాగా లేని జింక పొలంలోకి రాక ఎక్కడికి పోతుంది? ఈ రెండు డిమాండ్లనూ రైతులు, కాపరులు ఒకే అర్జీలో పెడితే కలెక్టరేట్‌లో దాన్ని తేలిగ్గా పక్కన పడేయలేరు. అర్జీ ముసాయిదా తెచ్చాను, సభ అయ్యాక చదివి మార్పులు చెప్పండి.